అదం పైరవీ

మూసీకి నీళ్ళు రావడం నాకు ఎప్పుడూ ఇష్టమే, కోర్టులో పేషీ ఉన్న రోజు తప్ప. ఆ శ్రావణంలో సూర్యాపేట నుంచి మిర్యాలగూడ వెళ్ళే మా బస్సు మూసీ ఒడ్డున ఆగిపోయింది. ఎర్రటి నీళ్ళు సుడులు తిరుగుతున్నాయి. డ్రైవరు దిగి బీడీ ముట్టించి, "ఇగ నీళ్ళు తగ్గేదాక గీడనే సాబ్" అన్నాడు, ఏదో శుభవార్త చెప్పినట్టు. నేను గొడుగుతో నేలను పొడుస్తూ ఒడ్డు మీద అటూ ఇటూ తిరిగాను. ఏటిని తిట్టాను, డ్రైవరును తిట్టాను, వకీలు చదువు చదివించిన మా నాయనను కూడా తిట్టాను. అవతల మిర్యాలగూడ మున్సిఫ్ కోర్టులో ఆ పూట కొమురమ్మ కేసు ఉంది.

కొమురమ్మది పాలకీడు పక్కన చిన్న పల్లె. మొగుడు లింగయ్య జ్వరంతో పోయాడు. దినాలు కాకముందే ఆ ఊరి పటేలు వాళ్ళ చెలకలో నాగళ్ళు దింపాడు. లింగయ్య బతికుండగానే ఆ చెలక తనకు నోటిమాటగా అమ్మాడని పటేలు అంటాడు. అమ్మలేదని ఆమె అంటుంది. ఆ చెలక తప్ప ఆమెకు ఈ లోకంలో ఏమీ లేదు. ఆమె వైపు సాక్ష్యం చెప్పడానికి ఇద్దరు ఒప్పుకున్నారు, వాళ్ళూ పటేలు కనబడితే గోడ చాటుకు పోయే రకం. పటేలు వైపు ఊరంతా ఉంది. గెలుస్తామని నేను ఆమెకు ఎన్నడూ చెప్పలేదు. మున్సిఫు మాత్రం మన మాట వింటాడని చెప్పాను.

ఆ మాట చెప్పడానికి నాకు ధైర్యం ఉండేది. మున్సిఫు పేరు మీర్ అహ్సన్ అలీ. పొడుగాటి మనిషి, ఎప్పుడూ అజీర్తి చేసినట్టు ముఖం పెట్టుకుని ఉండేవాడు. పెళ్ళిళ్ళకు పోడు, పండక్కి పళ్ళు పంపితే వాపసు పంపుతాడు, మధ్యాహ్నం తలుపు మూసుకుని ఒక్కడే అన్నం తింటాడు. రజాకార్లు ఊళ్ళేలిన రోజుల్లో కోదాడ సీతాపతిరావును జెండా ఎగరేశాడని పట్టుకొచ్చి, లోపల వేయమని అడిగారు. సాక్ష్యం ఏదని అడిగాడు ఈయన. సాక్ష్యం లేకపోయేసరికి వదిలేశాడు. ఇప్పుడు రజాకార్లు పోయారు, మిలిటరీ వచ్చింది, తెల్ల టోపీల కాంగ్రెసు వచ్చింది, సీతాపతిరావు అందులో పెద్ద నాయకుడయ్యాడు. కోర్టులో ఉర్దూ, ఆయన అజీర్తి ముఖం మాత్రం అట్లాగే ఉన్నాయి. తిక్క మనిషి అని నేనే చాలాసార్లు విసుక్కున్నాను. కానీ ఆ తిక్క మీదే మా బోటి వకీళ్ళు బతికాం.

నీళ్ళు తగ్గి నేను కోర్టు చేరేసరికి పొద్దు వాలింది. గుమ్మం దగ్గర జవాను హన్మా నన్ను చూసి పెదవి విరిచాడు. కేసులు పిలిచేది అతనే, ఉత్తర్వులు చదివేది పేష్కారనే గుమాస్తా.

"మీ కేసు ఖారిజైంది సాబ్. మూడుమార్లు పిలిచిన. మీరు లేరు, ఆమె లేదు. పటేలు వకీలు ఊకుంటడా, కొట్టేయమన్నడు. కొట్టేసిన్రు."

"కొమురమ్మ రానే లేదా?"

"ఎందుకు రాలే, పుట్టిల ఏరు దాటి ఉరికొచ్చింది. గడపల కాలు పెడ్తుంటె పేష్కారు సాబ్ సదువుతుండు, ముకద్దమా అదం పైరవీల ఖారిజ్ అని. గదేంది అని నన్నడిగింది. పైరవీ లేక కేసు పోయిందమ్మా అని జెప్పిన. జరసేపు గోడకానుకోని నిలవడి ఎల్లిపోయింది."

నేను ఆ మాటలను పట్టించుకోలేదు. కోర్టులో రోజూ వినే మాటలే అవి. తిన్నగా మున్సిఫు గదిలోకి పోయి ఏరు వచ్చిందని చెప్పబోయాను. ఆయన చెయ్యి ఎత్తి ఆపాడు.

"కోర్టు లేచింది వకీల్ సాబ్. నాతోని కాదు, కోర్టుతోని చెప్పుండ్రి. రేపు బహాలీ దరఖాస్తు పెట్టుండ్రి. ఏరు వచ్చిన సంగతి అండ్ల రాయుండ్రి."

కనీసం కూర్చోమనలేదు. నాకు ఒళ్ళు మండింది. కొట్టేసిన కేసును మళ్ళీ తెరవమని అడిగేదే బహాలీ దరఖాస్తు. మర్నాడు పెట్టాను. ఆయన చదివి పేషీ వేశాడు. ఏరు పొంగిన సంగతి ఊరందరికీ తెలిసిందే గనక కేసు తెరుచుకోవడంలో నాకు అనుమానం లేదు. ఆ సంగతి చెప్పమని కొమురమ్మకు కబురు పంపాను. ఆమె ఊళ్ళో లేదని కబురు తిరిగొచ్చింది.

తర్వాత కొన్నాళ్ళకు ఆమే సూర్యాపేటలో మా ఇంటికి వచ్చింది. కాళ్ళ నిండా దుమ్ము, ముఖంలో మాత్రం నేనెప్పుడూ చూడని నిబ్బరం. అరుగు మీద కూర్చుని మా ఇంటావిడ ఇచ్చిన మంచినీళ్ళు తాగి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"సాబ్, పైరవీ చేసొచ్చిన."

"ఏం పైరవీ?"

"కోర్టుల సదివిన్రు గద, పైరవీ లేకుంటనే నా కేసు కొట్టేసిన్రని. మీరన్న ముందుగల్ల జెప్పకపోతిరి. కోదాడల మా మేనత్త బిడ్డ ఉంటది. ఆమెను ఎంటవెట్టుకోని సీతాపతిరావు సారు ఇంటికి పోయిన. వాకిట్ల కూసున్న. లోపటికి పిలిపిచ్చిండు. మంచిగ మాట్లాడిండు సాబ్. గా మున్సిఫు రజాకార్ల మనిషి, ఆడిమనిషివి, మొగుడు సచ్చినదానివి, గందుకే నీ కేసు కొట్టేసిండు అన్నడు. కాగితం రాపిచ్చిండు. ఏలు వెట్టిన. ఆయన్ని తీసేసి మంచోన్ని ఏపిస్తడట. ఇగ నా చెలక నాకొస్తదట."

నేను అక్కడే కూలబడ్డాను. కోర్టు వాళ్ళ ఉర్దూలో అదం అంటే లేకపోవడం, పైరవీ అంటే తన కేసు వెంట తాను నడవడం, పిలిచినప్పుడు వచ్చి పలకడం, అంతే. బజారులో పైరవీ అంటే పెద్దవాళ్ళ ఇళ్ళ చుట్టూ చేతులు కట్టుకుని తిరిగి పని చేయించుకోవడం. ఒకటే మాట. కోర్టు గడప లోపల ఒక అర్థం, దాటితే ఇంకొక అర్థం. ఇన్నేళ్ళుగా ఇటూ అటూ తిరుగుతున్న నాకు అది ఎన్నడూ తట్టలేదు.

ఎంత నెమ్మదిగా చెబుదామనుకున్నా గొంతు పెరిగింది. కోర్టులో పైరవీ అంటే పిలిస్తే వచ్చి పలకడమే, కొట్టేసింది నువ్వు రాలేదని అన్నాను. పెద్దవాళ్ళ దగ్గరికి పోలేదని కాదన్నాను. ఆ మున్సిఫే కేసు మళ్ళీ తెరవబోతున్నాడన్నాను. ఆమె ముఖంలోని నిబ్బరం చూస్తుండగానే జారిపోయింది. కాసేపు తన బొటనవేలును చూసుకుంది. తర్వాత ఆమెకు కోపమొచ్చింది, అదీ న్యాయమైన కోపమే.

"మరి రాలేదని కొట్టేసినం అని తెలుగుల సదివితె మీ సొమ్మేం బోతది సాబ్?"

నేను చెప్పులు వేసుకుని ఆమెను వెంటబెట్టుకుని కోదాడ బస్సెక్కాను. ఆ కాగితం ఇంకా అక్కడే ఉంటే చింపించాలని నా తొందర. బస్సు ఆగిన ప్రతిచోటా నాకు డ్రైవరు పీక పిసకాలనిపించింది.

సీతాపతిరావు మమ్మల్ని ఎంతో మర్యాదగా చూశాడు. మజ్జిగ తెప్పించాడు. తర్వాత ఇంకోసారి జైలుకు పోయి, నిజాం సరిహద్దు అవతల కాంగ్రెసు క్యాంపులో ఉండి వచ్చిన మనిషి. ఆయన కష్టపడలేదని నేను అనను.

"ఆ కాగితం హైదరాబాదు వెళ్ళిపోయిందండీ ప్లీడరు గారూ. ఇక మన చేతుల్లో లేదు" అన్నాడు.

"ఆ మున్సిఫే కదండీ ఆనాడు మిమ్మల్ని వదిలింది?"

"వదిలాడు. కాదని ఎవరన్నారు? అప్పుడు మన పక్షాన ఉన్నాడు. మొన్న మా మనుషులు పట్టిచ్చిన కూలీలనూ సాక్ష్యం లేదని వదిలేశాడు. వాళ్ళు కమ్యూనిస్టులని కోదాడంతా తెలుసు. ఇప్పుడు మన పక్షాన లేడు."

"ఆయన అప్పుడూ ఎవరి పక్షానా లేడు" అన్నాను.

ఆయన నవ్వాడు, చిన్నపిల్లాడి మాటకు నవ్వినట్టు. "పక్షం లేని కుర్చీ ఎక్కడుందండీ? మన ప్రభుత్వం వచ్చింది, మనవాడు కూర్చోవద్దూ? బెజవాడలో మా మేనల్లుడు ప్లీడరుగా ఉన్నాడు, బుద్ధిమంతుడు. వాడొస్తే మొదటి తీర్పు ఈ తల్లిదే, నేను మాటిస్తున్నా. అన్నట్టు, మిర్యాలగూడలో సర్కారు ప్లీడరు పదవి కూడా ఖాళీ అవుతుంది. మీ పేరు నా మనసులో ఉంది."

అబద్ధమెందుకు, ఆ మాటకు నాకు నోరూరింది. ఫీజు అడిగితే కందులు తెచ్చే కక్షిదారులతో, ఏరొస్తే ఆగే బస్సులతో నేను విసిగిపోయి ఉన్నాను. వద్దన్నాను. అనుకున్నంత గట్టిగా గొంతు రాలేదు.

అంతదాకా గోడ పక్కన నిలబడి ఉన్న కొమురమ్మ ముందుకొచ్చింది. "సారూ, నా ఏలు నాకియ్యుండ్రి" అంది.

"ఏమిటమ్మా?"

"నేను వెట్టిన ఏలు. తప్పువడ్డది. వాపసియ్యుండ్రి."

సీతాపతిరావు ఈసారి మనస్ఫూర్తిగా నవ్వాడు. లోపలున్న వాళ్ళు కూడా నవ్వారు. మజ్జిగ గ్లాసు విసిరికొట్టాలన్నంత కోపమొచ్చింది నాకు. మెల్లగా కింద పెట్టి బయటికి వచ్చేశాను.

పేషీ నాటికి బదిలీ ఉత్తర్వు రాకుండా ఉండాలని నేను మొక్కని దేవుడు లేడు. ఉత్తర్వు ఆ పొద్దున బస్సుకే వచ్చింది. మర్నాడు కొత్త మనిషికి బాధ్యత అప్పగించి వెళ్ళమన్నారు. ఆమె వేలిముద్ర ఉన్న ఫిర్యాదు కాగితం కూడా దాంతోపాటే వచ్చింది. కోర్టు నిండా జనం. తమాషా చూడటానికి మన వాళ్ళకు ఎవరూ కబురు పెట్టనక్కరలేదు. మున్సిఫు వచ్చి కూర్చున్నాడు, అదే ముఖం.

"కొమురమ్మ జౌజే లింగయ్యా, హాజిర్ హై!" అని, అంటే లింగయ్య భార్య కొమురమ్మ ఉన్నదా అని, హన్మా అరిచాడు. ఆమె పరుగున వచ్చి నిలబడింది.

పటేలు వకీలు లేచాడు. ఈమె హుజూర్ మీదే ఫిర్యాదు చేసింది గనక హుజూర్ ఈ దరఖాస్తు వినడం సబబు కాదన్నాడు. కొత్తవారికే వదిలేయమన్నాడు. కొత్తవారు ఎవరి మేనల్లుడో అప్పటికి అతనికి తెలిసినట్టు లేదు.

మున్సిఫు కాగితం ఎత్తి ఆమెకు చూపించాడు. "ఈ అంగూఠా నీదేనా?"

"నాదే సాబ్. మాటలు నాయి గావు."

"మరి ఎందుకు పెట్టినవ్?"

"మీ కోర్టుల్నే జెప్పిన్రు గద సాబ్, పైరవీ లేక పోయిందని. గందుకని చేసిన."

కోర్టంతా గొల్లున నవ్వింది. పటేలు వకీలు బల్ల చరిచి నవ్వాడు. పేష్కారు ముఖం దించుకుని భుజాలు ఊగేలా నవ్వాడు. మున్సిఫు ఒక్కడే నవ్వలేదు. కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఈ నౌకరీల చేరినప్పటి నుంచి ఆ లఫ్జ్ రాస్తున్న. బయట దానికి ఇంకో మానీ, ఇంకో అర్థం ఉన్నదని నాకు తెలుసు. వినేటోళ్ళకు ఏది వినబడ్తదో నేను ఎన్నడు సోచాయించలే" అన్నాడు. ఆ తర్వాత మా ఇద్దరు వకీళ్ళ వైపు తిరిగాడు. "ఈ కేసు తెరిస్తే ఫిర్యాదుకు భయపడ్డ అంటరు. తెరవకపోతే పగ తీర్చుకున్న అంటరు. ఏది అన్నా నాకు ఫికర్ లేదు. ఆనాడు మూసీ వచ్చిందా, రాలేదా?"

పటేలు వకీలు నసిగాడు. "వచ్చింది హుజూర్."

"కేసు బహాల్. మిగిలింది కొత్త సాబ్ వింటరు."

అంతే, సంతకం చేసి తర్వాతి కాగితం అందుకున్నాడు. సాయంత్రం నేను ఆయన ఇంటికి పోయాను. ఏం చెప్పాలో తెలియదు గాని ఊరికే ఉండలేకపోయాను. ఆయన గుమ్మంలోనే నిలబడి, "మీ కేసు ఇంకా నడుస్తున్నది వకీల్ సాబ్" అని తలుపు వేసుకున్నాడు. రేపు పోయే మనిషి! బస్సుదాకా కూడా రానివ్వలేదు. ఆ మూసిన తలుపు ముందు నాకు ఏడుపొచ్చింది, దాచుకోవడమెందుకు.

కొత్త మున్సిఫు ముప్పై దాటని కుర్రవాడు. ఇస్త్రీ కోటు, పల్చటి మీసం. ఉర్దూ రాదు. పేష్కారు చెవిలో ఏదో చెబితే గానీ అక్కడ ఒక్క కాగితం కదలదు. వాలకం చూస్తే చెడ్డవాడిలా లేడు. మేనమామ మాట కాదని ఎరగని మేనల్లుడిలా ఉన్నాడు, అంతే. మా పేషీ వచ్చేసరికి ఆయన సీతాపతిరావు మేనల్లుడని, తీర్పు కొమురమ్మకేనని ఊరూరా పాకింది. పటేలు వెంట వచ్చిన సాక్షులు చెట్టు కింద తలలు దించుకుని కూర్చున్నారు. పటేలు ముఖంలో నెత్తురు చుక్క లేదు. నా ఇద్దరు సాక్షులు మాత్రం ఎన్నడూ లేనిది బజారు మధ్యలో నిలబడి చుట్ట కాలుస్తున్నారు.

కేసు పిలిచారు. కొమురమ్మ వచ్చి నిలబడింది. కుర్ర మున్సిఫు ఆమె వైపు చూడకుండానే కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఈ కేసు సంగతి నాకు తెలుసు. సాక్షుల అవసరం లేదు. వాది పక్షాన డిక్రీ ఇస్తున్నాను."

నా గుండె ఎగిరి గంతేసింది. న్యాయం, ధర్మం అన్నీ ఆ క్షణాన మరిచిపోయాను. గెలిచాం! కింది కోర్టులో పటేళ్ళ మీద గెలిచిన వకీళ్ళను మా తాలూకాలో వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఆమె వైపు వంగి, "గెలిచినం. దండం పెట్టి రా" అన్నాను.

ఆమె కదలలేదు.

"సారూ" అంది మున్సిఫుతో. "నన్ను అడగనే లే."

ఆయన తలెత్తాడు. "ఏమడగాలమ్మా? నీ భూమి నీకిస్తున్నాను కదా."

"గందుకే భయమైతుంది సారూ. నా ఒక్క ఏలుకు గంత పెద్ద సాబ్ పాయె. ఆయన తప్పు చేసిండా అని ఆయన్ని ఎవ్వలడగలే. నన్ను సుత అడగలే. రేపు పటేలు పోయి గా కోదాడ ఇంటి ముంగట కూసుంటడు. నాకున్నది ఒక్క ఏలు. ఆయ్న ఎనక ఊరు ఊరంత ఏళ్ళున్నయ్. అడగకుంట ఇచ్చిన్రంటె అడగకుంటనే గుంజుకుంటరు."

"నోరు మూస్కో" అని నేను బుసకొట్టాను. ఈ పిచ్చిది చేతికొచ్చిన చెలకను ఏట్లో కలుపుతోంది. ఆ ఇద్దరు సాక్షులు బోనులో నిలబడి పటేలును చూస్తే మాట మార్చినా మారుస్తారు. అడిగితే ఓడిపోవచ్చు, అడగకపోతే గెలిచేశాం. ఏ వకీలైనా ఆమె చెయ్యి పట్టుకుని బయటికి లాక్కుపోతాడు.

ఆమె నా వైపు తిరిగింది. "మీరే గద సాబ్ జెప్పిన్రు, పిలిస్తె వచ్చి పల్కుడే పైరవీ అని. వచ్చిన. పల్కుతున్న. మరి అడుగుమనుండ్రి."

కోర్టులో ఎవరూ నవ్వలేదు. కుర్ర మున్సిఫు ముఖం ఎర్రబడింది. ఆయన చూపు ఒకసారి గుమ్మం వైపు పోయింది, అక్కడ మేనమామ వచ్చి నిలబడ్డాడేమో అన్నట్టు. పటేలు నోరు తెరిచి ఆమెనే చూస్తున్నాడు. నేను కుర్చీ పట్టుకుని లేచాను.

"నా కక్షిదారు కోరేది సబబే. మా సాక్షులను విచారించండి. ప్రతివాది సాక్షులను కూడా విచారించండి" అన్నాను. ఈసారి గొంతు అనుకున్నదానికంటే గట్టిగానే వచ్చింది. దాంతో సర్కారు ప్లీడరు పదవి పోయినట్టే. కందులే గతి.

మున్సిఫు కలం సిరాలో ముంచాడు, తీశాడు, మళ్ళీ ముంచాడు. చివరికి అంతదాకా రాసిన కాగితాన్ని నిలువునా చింపి, పేష్కారు వైపు వంగాడు.

"ఇక్కడ ప్రమాణం ఏమని చేయిస్తారు?" అని మెల్లగా అడిగాడు.

పేష్కారు చెప్పాడు. హన్మా కొమురమ్మను బోనులోకి ఎక్కించాడు. ఆమె ప్రమాణం చేసింది. ఆయన తెల్ల కాగితం ఒకటి తీసుకుని, మొదటిసారి ఆమె ముఖంలోకి చూశాడు.

"నీ పేరేమిటమ్మా?"

ఆమె కొంగు సర్దుకుని నిటారుగా నిలబడింది.

"కొమురమ్మ. లింగయ్య పెండ్లాన్ని. ఇగ అడుగుండ్రి సారూ."